మేడారం ప్రాంత కౌమార వయస్కుల శ్రమ, నిద్ర: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పగలంతా ఒళ్లు వంచి పనిచేసినవారికి రాత్రి కంటినిండా నిద్ర పడుతుందన్నది లోకానుభవం. ఆధునిక నిద్రాశాస్త్రం కూడా దీన్ని చాలామేరకు సమర్థిస్తున్నది. క్రమబద్ధమైన వ్యాయామం వల్ల నిద్ర త్వరగా పడుతుంది, గాఢత పెరుగుతుంది. అయితే దీని ఆధారంగా, అడవిబిడ్డలు కష్టజీవులు కనుక వారి పిల్లలకు నిద్ర కొరత ఉండదని భావించడం సమంజసమేనా? 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, 2019 నుండి ములుగు జిల్లాకు చెందిన మేడారం పరిసరాల కోయ జీవనాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

పోడు, మంచె, ఇప్పపూలు

కోయల సంప్రదాయ జీవికకు పోడు వ్యవసాయం, అటవీ ఫలసాయ సేకరణ మూలాధారాలు. పిల్లలు చిన్ననాటి నుండే ఈ పనుల్లో పాలుపంచుకునేవారు. పంట చేతికొచ్చే కాలంలో అడవిపందుల బెడద నుండి చేనును కాపాడేందుకు మంచెపై రాత్రి కావలి తప్పదు. రాత్రి రాలే ఇప్పపూలను ఎండ ముదరకముందే ఏరాలి. వేసవిలో తునికాకు కోతకూ వేకువనే బయలుదేరాలి. అంటే శరీరాన్ని అలసింపజేసే శ్రమే, ఆ అలసట తీరవలసిన రాత్రిని కూడా కొంత హరించేది. ఇక్కడ శ్రమకూ నిద్రకూ ఉన్న సంబంధం రుతువును బట్టి మారుతుంది.

ఇతర ఖండాల్లోని పరిశోధన కూడా ఇటువంటి జాగ్రత్తనే సూచిస్తున్నది. టాంజానియాలోని హడ్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని చిమానే సమాజాల వయోజనులపై 2015లో వెలువడిన అధ్యయనం వారి సగటు నిద్ర 5.7 నుండి 7.1 గంటలేనని తేల్చింది. నిద్రలేమి ఫిర్యాదులు మాత్రం వారిలో అరుదు. శారీరక శ్రమ అధికంగా ఉన్నంత మాత్రాన నిద్ర నిడివి పెరగదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఆశ్రమ పాఠశాల గంట

హైదరాబాద్ రాజ్యంలో గిరిజన విద్యకు హైమండార్ఫ్ కృషితో 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో పునాది పడింది. స్వాతంత్ర్యానంతరం ఆశ్రమ పాఠశాలలు విస్తరించాయి. దీనితో గిరిజన బాలబాలికల దినచర్య రుతువుల అధీనం నుండి గంట అధీనంలోకి వచ్చింది. మంచె కావలి తప్పింది, కానీ వేకువ మేల్కొలుపు తప్పలేదు. యౌవనారంభంలో శరీర గడియారం సహజంగానే ఆలస్యం వైపు జరుగుతుందని 1990ల నుండి నిద్రాశాస్త్రం చెబుతున్నది. 13 నుండి 18 ఏళ్లవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య అకాడమీ 2016లో సూచించింది. 5 నుండి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక చురుకుదనం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పేర్కొన్నది. ఈ రెండు ప్రమాణాలనూ కలిపి చూసినప్పుడే వసతిగృహ దినచర్యను సరిగా అంచనా వేయగలం.

జాతర జాగరణ

రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో నడక, జాగరణ జంటగా కనిపిస్తాయి. కన్నెపల్లి నుండి సారలమ్మ, చిలకలగుట్ట నుండి సమ్మక్క గద్దెలకు చేరే వేళ భక్తజనం మేల్కొనే ఉంటుంది. నాలుగవ నాడు వనప్రవేశంతో ఆ జాగరణకు ముగింపు ఉంటుంది. దినచర్యగా మారిన నిద్రలేమికి అటువంటి ముగింపు లేదు.

ముగింపు

శ్రమ నిద్రకు తోడ్పడాలంటే దాని వెనుక రాత్రి భద్రంగా మిగలాలి. కష్టజీవులన్న ప్రశంస చాటున ఈ అంశం మరుగున పడరాదు. గిరిజన వసతిగృహాల్లో సాయంత్రపు ఆటస్థలాన్నీ, ఉదయపు మేల్కొలుపు వేళనూ ఒకే ప్రశ్నలోని రెండు భాగాలుగా పరిగణించడం అవసరం.