మర్జీ ఎవరిది?

మా ఇళ్లలో ఎవరు పోయినా, ఏ కష్టం వచ్చినా పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటే: 'అల్లా మర్జీ'. పసిబిడ్డ జ్వరంతో పోతే అల్లా మర్జీ. వానలకు మట్టిగోడ కూలి ముసలాయన పోతే అల్లా మర్జీ. కర్ఫ్యూలో దుకాణం తగలబడితే అదీ అల్లా మర్జీయే. ఈ మాట వింటూనే మేం పెరిగాం.

పెద్దయ్యాక మా హేతువాద మిత్రులు అడిగారు. ఇన్ని ఘోరాలు చూస్తూ ఊరుకున్న దేవుణ్ణి మీరెట్లా నమ్ముతారయ్యా అని. ఆయనకు ఆపే శక్తి లేదా, ఆపాలన్న దయ లేదా అని. అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని ఎగతాళి అనుకోలేదు మేం. మసీదులో అడిగితే, ఇలాంటివి అడగకూడదు, సబర్ చెయ్యండి అన్నారు. ఈ రెండింటి మధ్య నలిగిన మాకు ఇంకో ప్రశ్న తట్టింది. 'అల్లా మర్జీ' అన్న మాటను చరిత్రలో ఎవరు వాడారు? ఎవరి ముందు వాడారు? దానివల్ల ఎవరికి లాభం కలిగింది?

వెతుక్కుంటూ పోతే మేం మొదట ఆగింది కూఫా దర్బారులో. హిజ్రీ 61 మొహర్రం పదో తేదీన, అంటే 680 అక్టోబర్‌లో, కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుసేన్‌నూ, ఆయన వెంట నిలిచిన డెబ్బై మందికి పైగా సహచరుల్నీ యజీద్ సైన్యం చంపింది. మిగిలిన ఆడవాళ్లను, పిల్లలను, జబ్బుతో ఉన్న హుసేన్ కొడుకు అలీని బందీలుగా కూఫా గవర్నర్ ఇబ్నె జియాద్ ముందు నిలబెట్టారు. అక్కడ జరిగిన సంభాషణను తొలినాటి చరిత్రకారుడు తబరీ నమోదు చేశాడు. నీ పేరేమిటని గవర్నర్ అడిగాడు. అలీ అని చెప్పాడు ఆ బందీ. హుసేన్ కొడుకు అలీని అల్లా చంపలేదా అన్నాడు గవర్నర్. నాకు అదే పేరుగల అన్న ఉండేవాడు, ఆయన్ను చంపింది మనుషులు అన్నాడు అలీ. కాదు, అల్లాయే చంపాడు అని గవర్నర్ రెట్టించాడు. ఎవరికి చావు వచ్చినా ప్రాణం తీసుకునేది అల్లాయే అన్నాడు అలీ.

ఈ నాలుగు మాటల్లోనే మా ప్రశ్న అంతా ఉందనిపిస్తుంది మాకు. ఇద్దరూ అల్లాను నమ్మేవాళ్లే. ఇద్దరూ అల్లా పేరే ఎత్తారు. ఒకడు తన చేతి నెత్తురు కడుక్కోవడానికి ఎత్తాడు. ఇంకొకడు ప్రాణం అల్లాది అని ఒప్పుకున్నాడు, హత్య మాత్రం మనుషులదే అన్నాడు. దేవుడి పేరుతో హంతకుణ్ణి దాచడానికి ఒప్పుకోలేదు. గొలుసులతో నిలబడి ఆ మాట అనడానికి ఎంత ఈమాన్ కావాలో ఆలోచించండి.

ఆ తర్వాత ఉమయ్యా ఖలీఫాల కాలమంతా ఈ తగాదా నడిచింది. మేం చేసేదంతా అల్లా ముందే రాసిపెట్టాడు, మా పాలన ఆయన తక్దీర్ అని పాలకులూ వాళ్ల మనుషులూ చెప్పుకున్నారు. బస్రాలో మాబద్ జుహనీ లాంటివాళ్లు ఎదురు తిరిగారు. ఈ రాజులు ముస్లింల నెత్తురు కారుస్తున్నారు, సొమ్ము గుంజుకుంటున్నారు, అదంతా అల్లా రాత అంటున్నారని మాబద్ వెళ్లి హసన్ బస్రీతో మొరపెట్టుకుంటే, ఆ అల్లా శత్రువులు అబద్ధమాడుతున్నారని హసన్ అన్నట్టు ఒక కథనం ఉంది. మాబద్‌కు మరణశిక్ష పడింది. తర్వాత హిషాం ఖలీఫాగా ఉన్నప్పుడు డమాస్కస్‌కు చెందిన గైలాన్‌నూ చంపించారు. మనిషి తన పనికి తానే బాధ్యుడు అనడం ఆనాడు తత్వచర్చ మాత్రమే కాదు, రాజద్రోహం కూడా.

అంటే దేవుడికీ దుర్మార్గానికీ పొత్తు ఎట్లా కుదురుతుందన్న ప్రశ్నను మాకు బయటివాళ్లు తెచ్చిపెట్టలేదు. నాస్తికులు అడగకముందే నమాజు చేసేవాళ్లు అడిగారు. ప్రాణాలు పెట్టి అడిగారు.

వాళ్ల వెనక వచ్చిన ముతజిలాలు తమను 'న్యాయం, ఏకత్వం' పక్షం వాళ్లమని చెప్పుకున్నారు. అల్లా న్యాయవంతుడు, జుల్మ్ చెయ్యడు, చెడు మనిషి చేతిపనే అన్నారు. వినడానికి ఎంత బాగుంది! కానీ పసిబిడ్డ చావు దగ్గర ఈ లెక్క తప్పింది. అబుల్ హసన్ అష్అరీ తన గురువు జుబ్బాయీని అడిగిన ప్రశ్నగా ఒక కథ చెబుతారు. ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు పుణ్యాత్ముడై పోయాడు, ఒకడు పాపిగా పోయాడు, ఒకడు పసితనంలోనే పోయాడు. నన్నూ బతకనిస్తే మంచిపనులు చేసి స్వర్గంలో పైమెట్టు ఎక్కేవాణ్ణి గదా అని పసివాడు అల్లాను అడిగితే? బతికితే పాపివి అయ్యేవాడివి, అందుకే ముందే తీసుకున్నాను అని జవాబొస్తుంది. అప్పుడు నరకంలో నుంచి రెండోవాడు అరుస్తాడు: మరి నన్నెందుకు పసితనంలో తీసుకోలేదు? జుబ్బాయీ దగ్గర జవాబు లేదు. అష్అరీ ఆ దారి వదిలేసి, అల్లా ఏది చేస్తే అదే న్యాయం, ఆయన్ను కొలవడానికి మన దగ్గర తూకం లేదు అన్న పక్షం పట్టాడు. సున్నీ ముస్లింలలో ఎక్కువమంది చదువుకున్నది ఆ మాటే.

మేం ఈ రెండు పక్షాల్లో ఎవరికీ వకీళ్లం కాదు. న్యాయం పక్షం వాళ్లం అన్నవాళ్లే 833లో ఖలీఫా మామూన్ అండ దొరకగానే, తమ సిద్ధాంతాలలో ఒకటైన ఖురాన్ సృష్టించబడినదేనన్న మాట ఒప్పుకోనివాళ్లను విచారణలకు లాగారు. తర్వాతి ఖలీఫా ముతసిం కాలంలో ఇమాం అహ్మద్ ఇబ్నె హంబల్‌ను కొరడాలతో కొట్టారు. న్యాయం పేరు చెప్పేవాడి చేతికీ కొరడా రావచ్చునని చరిత్ర మాకు చూపించింది.

మరి సబర్ మాటేమిటి? సబర్ అంటే నోరు మూసుకోవడమని మాకు నేర్పారు. మా కితాబులో ఉన్న కథలు అట్లా లేవు. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడ్డాయి. అయ్యూబ్ ప్రవక్త తన బాధను అల్లాకే మొరపెట్టుకున్నాడు. వాళ్లను సబర్ లేనివాళ్లని ఎవరూ అనలేదు. మహమ్మద్ ప్రవక్త తన పసికొడుకు ఇబ్రహీం పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజే, 632 జనవరిలో, సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. ఎవరి చావు కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ఆయన చెప్పాడు. తన దుఃఖానికి ఆకాశాన్ని సాక్ష్యం తెచ్చుకోవడానికి ఒప్పుకోని ఆ తండ్రి మాకు చాలా దగ్గరగా కనిపిస్తాడు.

ఇదంతా అరబ్బు దేశాల కథ, మీకేం సంబంధం అనొచ్చు. తెలంగాణ పల్లెల్లో పీరీల పండుగ చూసినవాళ్లు అట్లా అనరు. కర్బలా ఎక్కడుందో తెలియని మాల, మాదిగ, గొల్ల, కాపు అందరూ అలాయి గుండం చుట్టూ చేరి, పదమూడు వందల ఏళ్ల కిందటి హత్యకు దుఃఖపడతారు. మలీదా పంచుకుంటారు. ఇప్పుడు మావాళ్లలోనే కొందరు అది బిదత్ అంటున్నారు. వాళ్ల వాదన వాళ్లది. మాకు కనిపించేది ఒకటుంది. హుసేన్ చావును ఆ పల్లె అల్లా మర్జీ అని మరిచిపోలేదు. ఇది అన్యాయం అని ఏటా గుర్తు చేసుకుంటోంది.

మన నేల మీదే ఇంకో రెండు చావుల లెక్కలు చూద్దాం. ఒకటి ప్రకృతి చేసింది, ఒకటి మనుషులు చేసింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. హైదరాబాద్‌లో సుమారు 15 వేల మంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తల్లీ భార్యా కూతురూ ఆ వరదలోనే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ వరదకు 'చిన్న ప్రళయం' అని పేరుపెట్టి కవిత రాశాడు. ఆ తర్వాత జీవితమంతా అల్లాతో మాట్లాడుతూనే రుబాయీలు రాశాడు. ఆ మనిషి నమ్మకాన్ని మేం వెర్రి అనలేం. ముగ్గుర్నీ పోగొట్టుకున్నవాడికి నమ్మే హక్కూ ఉంది, నమ్మకపోయే హక్కూ ఉంది. పక్కనున్న మనకు తీర్పు చెప్పే హక్కు లేదు.

కానీ ఆ వరదను అల్లా మర్జీ అని ప్రభుత్వం వదిలెయ్యలేదు. విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. అమ్జద్ దుఃఖానికి ఆ కట్టలు జవాబు కావు. ఇంకో తల్లి కొట్టుకుపోకుండా మనిషి చెయ్యగలిగింది అది.

రెండోది 1948. ముందు మా వైపు చెప్పాల్సింది చెప్పాలి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడి చంపారు, తగలబెట్టారు. బైరాన్‌పల్లి దాన్ని మరిచిపోలేదు. నిజాం రాజ్యం ఇండియాలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను ఆ ఆగస్టులో నరికి చంపారు. ఆ హంతకులూ మజహబ్ పేరే చెప్పారు. సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఏ పాపం తెలియని ముస్లింల మీద ప్రతీకారం సాగింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఊరూరూ తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ ఘోరం జరిగిందని చెప్పింది. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ రాసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చదవడానికి వీలయ్యేసరికి 2013 వచ్చింది.

ఆ అరవై అయిదేళ్లూ మా నానీలు, దాదీలు ఏమన్నారు? అల్లా మర్జీ అన్నారు. భర్తను ఎవరు చంపారో తెలిసిన ఆడవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. మేం వాళ్లను తప్పుపట్టం. అదే ఊళ్లో, అదే బావి దగ్గర, ఆ మనుషుల మధ్యే బతకాలి గదా! ఆ మాట పట్టుకునే వాళ్లు పిల్లల్ని పెంచారు. అది వాళ్లకు ఊతకర్ర. కానీ అదే మాటను సర్కారు వాడుకుంటే అది ఇబ్నె జియాద్ మాట అవుతుంది.

సర్కారు అల్లా పేరు చెప్పదు. అది సెక్యులర్ గదా! దానికి వేరే తక్దీర్ ఉంది. 'చరిత్ర గమనం' అంటుంది. 'జనం ఆవేశం' అంటుంది. 1992 డిసెంబర్ 6న మసీదు కూలినప్పుడు ఆవేశం అన్నారు. 2002లో గుజరాత్‌లో చర్యకు ప్రతిచర్య అన్నారు. దేవుణ్ణి తీసేసినా హంతకుణ్ణి దాచే తెర అట్లాగే ఉంది. మా హేతువాద మిత్రులు ఈ సంగతి కూడా ఆలోచించాలని మా కోరిక.

అష్అరీ కథలోని పసివాడికి జవాబు మా దగ్గరా లేదు. ఉందని చెప్పేవాళ్లను చూస్తే మాకు భయం. మాలో నమ్మేవాళ్లున్నారు, నమ్మకం సడలినవాళ్లున్నారు, శుక్రవారం మాత్రమే నమ్మేవాళ్లూ ఉన్నారు. అందరం ఒకే కబరస్తాన్‌కు పోతాం. వరదకూ రోగానికీ అల్లాను అడుగుతాం, ఏడుస్తాం, మళ్లీ సజ్దా చేస్తాం లేదా చెయ్యలేకపోతాం. అది మాకూ ఆయనకూ మధ్య మాట. హత్య సంగతి అట్లా కాదు. దాన్ని అడగాల్సింది మనుషుల్ని.

అందుకే ఊళ్లల్లో ఇంకా బతికున్న ముసలివాళ్ల దగ్గర కూచోండి. అల్లా మర్జీ అన్నాక వాళ్లు కాసేపు మాట్లాడరు. లేచి రాకండి. ఆ తర్వాత వాళ్లు చెప్పే పేర్లు రాసుకోండి.