అఫ్లాటాక్సిన్

దాణా కొట్లలో, మిర్చి ఎగుమతిదారుల నోట తరచూ వినబడే ఈ మాట ఇంగ్లండ్‌లో పుట్టింది. 1960లో అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. కారణం తెలియక దాన్ని ‘టర్కీ ఎక్స్’ అన్నారు. ఆరా తీస్తే మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క, అందులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు బయటపడ్డాయి. ఆ బూజు పేరులోని మొదటి మాటలోంచి ‘అ’, రెండోదాంట్లోంచి ‘ఫ్లా’ తీసుకుని, విషమనే అర్థమున్న ‘టాక్సిన్’ చేర్చారు.

ఆస్పర్‌జిల్లస్ అనే పేరు ఇంకా పాతది. చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనంలా ఆ బూజు తల కనిపించడంతో, 1729లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త మికేలి అలా పిలిచాడు. ఫ్లేవస్ అంటే లాటిన్‌లో పసుపు.

అఫ్లాటాక్సిన్ రకాల పేర్ల చివర చేరే అక్షరాలకూ అర్థముంది. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేది బి, ఆకుపచ్చగా మెరిసేది జి. బ్లూ, గ్రీన్ అన్న మాటల మొదటి అక్షరాలవి. మేతతో పాటు పశువు తిన్న బి1 దాని ఒంట్లో మారి, పాలలో ఎం1గా తేలుతుంది. ఎం అంటే మిల్క్.

బి1 కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. అందుకే బూజు పట్టకుండా, కాయ ఊపితే లోపల గింజ గలగలలాడేదాకా వేరుశనగను ఎండబెట్టాలి. మనం తినకుండా ఏరేసిన బూజు గింజల్ని గొడ్ల కుడితిలో వేయకూడదు. వేస్తే ఆ విషం పాలగ్లాసులో మన పిల్లల దగ్గరికే వస్తుంది.