పంటనష్టపు సాయము – పహాణీలోని రెండవ గడి

నిజామాబాదు జిల్లా తూర్పుభాగమున సిరికొండ కలదు. 1923లో ప్రారంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము మంజీరజలమును బోధను, బాన్సువాడ ప్రాంతములకు అందించినది. ఆ నీటి యండతో చెఱకుసాగు పెరిగి, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. సిరికొండ యా యాయకట్టునకు వెలుపలిది. చెఱువులు, వాగులు, బావులే యచ్చటి కృషికి ఆధారములు. వాన తప్పినను, మిక్కుటమైనను అచ్చటి రైతు సర్కారు సాయమునకై ఎదురుచూడవలసినదే. ఆ సాయము భూమి గలవానికి చెందవలెనా, దున్నినవానికి చెందవలెనా యనునది తెలంగాణమున చిరకాలముగ నున్న ప్రశ్న.

మొదటి సాలారుజంగు దివానుగిరిలో శిస్తువసూలు గుత్తలు తొలగింపబడి, 1865లో జిల్లాబందీ ఏర్పడెను. దివానీ గ్రామములలో పట్టాదారు సర్కారునకు నేరుగా శిస్తు చెల్లించువాడయ్యెను. నాటి సాయము ముఖ్యముగా రెండు తెఱగులు: శిస్తు మాఫీ, తకావీ అప్పు. మాఫీ యనగా రావలసిన పైకమును విడుచుట. కావున దాని ఫలము శిస్తు చెల్లించువానికే మొదట చేరును. పట్టాదారునొద్ద భూమిని కౌలునకు గైకొన్నవానిని ఫసలీ 1317 (క్రీ. శ. 1907–08) నాటి భూమిశిస్తు శాసనము ‘ఆసామీ షిక్మీ’ యని పేర్కొన్నది. మాఫీ యతనిని చేరవలెనన్న పట్టాదారుని చేతిమీదుగానే చేరవలెను.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ శాసనము రక్షిత కౌలుదారులకు హక్కుల నొసగినది. పహాణీలో పట్టాదారు పేరునకు ఒక గడి, అనుభవదారు పేరునకు వేఱొక గడి ఉండెడివి. ఈ రెండవ గడియే దున్నినవానికి సాక్ష్యము. 2011 నాటి శాసనము కౌలుదారునకు ఋణార్హతపత్రము నేర్పరచి, పంటనష్టపరిహారమునకును త్రోవ చూపినది.

పిమ్మట సాయపు మొత్తములు పెరిగినవి. పరిహారమునకు వలయు కనీసనష్టమును కేంద్రప్రభుత్వము 2015లో నూటికి 50 పాళ్లనుండి 33 పాళ్లకు తగ్గించినది. 2022 నాటి నిబంధనలలో హెక్టారునకు వర్షాధారపు పంటకు 8,500, నీటివసతి గల పంటకు 17,000 రూపాయలు నిర్ణయింపబడెను. అనగా ఎకరమునకు సుమారు 3,440, 6,880 రూపాయలు. కాని 2018లో వచ్చిన రైతుబంధు పథకము, నష్టముతో నిమిత్తము లేకయే, పట్టాదారునకు మాత్రమే పైకము నిచ్చెను. 2020లో తెలంగాణ రాష్ట్రము కేంద్రపు పంటబీమానుండి తొలగెను. ఆ యేటనే వచ్చిన ధరణిలో అనుభవదారు గడి లేకపోయెను.

2023 మార్చిలో వడగండ్లవానకు పంటలు నేలగూలగా, ఎకరమునకు 10,000 రూపాయల సాయము కౌలుదారులకును అందవలెనని నాటి ముఖ్యమంత్రి ప్రకటించెను. ఆజ్ఞ యుదారమైనదే. కాని కౌలుదారుని పేరు దాఖలాలలో లేనపుడు అతడే విత్తినవాడని నిరూపించునది యేది? పొరుగువారి మాట, పట్టాదారుని యంగీకారము మాత్రమే.

2025లో ధరణికి బదులు భూభారతి శాసనము వచ్చినది. ఆ సంవత్సరమే ఆగస్టు చివర నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో అతివృష్టి పంటలను ముంచినది. ఎకరమునకెంత యన్న ప్రశ్నకు పాలకులు పలుమారులు ఉత్తరమిచ్చిరి. ఎవరి పేర యన్న ప్రశ్నకు ఉత్తరము పహాణీలోని యా రెండవ గడిలోనే యుండెడిది. దానిని చెఱిపినపుడు కౌలుదారునకు నూఱేండ్ల వెనుకటి ఆసామీ షిక్మీ స్థితియే మరల వచ్చినది.