మంచమునకు లింగమున్నదా? – ఇంద్రియప్రామాణ్యమును గూర్చి వైయాకరణుల చర్చ

ఇంద్రియములు ఎంతదాఁక నమ్మఁదగినవి యను ప్రశ్న నైయాయికులదియు బౌద్ధులదియు నని తలఁచుట పరిపాటి. వారి ప్రమాణగ్రంథములు వెలయకముందే యీ ప్రశ్న వ్యాకరణమునందు, మిక్కిలి యల్పముగాఁ దోఁచు నొక తావునఁ దలయెత్తినది. స్త్రీప్రత్యయముల కధికారమైన పాణినిసూత్రముపై (4.1.3) పతంజలి వ్రాసిన భాష్యమే యా తావు. పతంజలి క్రీ. పూ. 2వ శతాబ్దివాఁడని పెక్కురి మతము.

ప్రాణులయందు శరీరచిహ్నములనుబట్టి స్త్రీపుంసులను గుర్తింతుము. సంస్కృతమున ఖట్వాశబ్దము స్త్రీలింగము, వృక్షశబ్దము పుంలింగము. మంచమునందుఁ గాని చెట్టునందుఁ గాని యట్టి చిహ్న మెవ్వరికిని గానరాదు. (తెలుఁగున నీ చిక్కు లేదు, రెండును అమహద్వాచకములే.) ఎండమావులయందు నీటిని, ఆకాశమున గంధర్వనగరమును జూచునట్లు, లేని లింగమును జనులు భ్రమచే నున్నదిగాఁ దలఁతు రనుట యొక సమాధానము. ఉన్నను గనఁబడ దనుట రెండవది: సూర్యునకు గతి గలదు, కాని కదలుచుండఁగా నెవ్వఁడును జూడఁడు, వస్త్రముచేఁ గప్పఁబడిన వస్తువు నట్టిదే. ఈ సూర్యగతి దృష్టాంతము చిత్రమైనది. ఉదయాస్తమయములకుఁ గారణము భూభ్రమణమని తేలినపిదప, కానరాని సత్యమునకుఁ జూపిన యుదాహరణమే యొక దృష్టిభ్రమ యైనది.

భాష్యమునందలి యాక్షేపము వాఁడియైనది. వస్త్రము తీసినచో వస్తువు కనఁబడును. బాడిసలు చేతఁబట్టిన వడ్రంగులు మొదలునుండి కొనదాఁక చెట్లను జెక్కుదురు. వారికే లింగమును దొరకదు. అడ్డెన్నఁడును దొలఁగని యెడల, మఱుఁగున నున్నదను మాటకును లేదను మాటకును భేదమేమి? దీనికిఁ బ్రతిగా, ఉన్నవస్తువులు కానరాకుండుటకు ఆఱు హేతువులు చెప్పఁబడినవి: అతిసామీప్యము, అతిదూరము, వేఱొక వస్తువు అడ్డుపడుట, చీఁకటి, ఇంద్రియదౌర్బల్యము, పరాకు.

ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో నిట్టి హేతువులు ఎనిమిది. అందుఁ జీఁకటి లేదు. సౌక్ష్మ్యము, పగటి నక్షత్రములకువలె నభిభవము, సమానవస్తువులలోఁ గలిసిపోవుట అను మూఁడు చేరినవి. ప్రకృతి యున్నను సూక్ష్మమగుటచేఁ గానరాదనియు, దానిని గార్యములచే నూహింపవలె ననియు సాంఖ్యుని యాశయము.

కార్యమును జూచి లింగము నూహింత మను త్రోవను భాష్యమును దడవినది. కాని యందు నిలువలేదు. స్త్రీప్రత్యయముచే లింగమును, లింగముచే స్త్రీప్రత్యయమును దెలిసికొన్నచో నన్యోన్యాశ్రయము, ప్రత్యక్షవిరోధమును గలదు. పైఁగా తటశబ్దము మూఁడు లింగములను బొందును. ఒడ్డు మాత్ర మొక్కటియే. ఈ పట్టున సాంఖ్యునికంటె వైయాకరణుఁడే నిష్కర్షగలవాఁడు. అనుమానమున కాధార మడిగి, అది దొరకకున్నచో విడిచినాఁడు.

తుదకుఁ బతంజలి లోకమునఁ గనఁబడు చిహ్నములను వదలి, సంస్త్యానప్రసవములను లింగముగాఁ గైకొనెను. ఏ వస్తువును క్షణమైనఁ దన యందుఁ దాను నిలువదు, పెరుగుచునో తరుగుచునో యుండు నని దీనికి మూలము. ఏ పదమున కే లింగమనుటకు లోకవ్యవహారమే శరణము. ఈ పెరుఁగుట తరుఁగుటలు మాత్రము వడ్రంగి కంటఁ బడునా యని యడుగవచ్చును. మార్పు జరిగిన పిదపఁ గనఁబడును గాని, జరుగుచుండఁగాఁ గనఁబడదు గదా. చర్చ యింతటఁ దెగలేదనుటకు భర్తృహరియే సాక్షి: వాక్యపదీయము మూఁడవ కాండమున లింగసముద్దేశ మని వేఱుగ నొక ప్రకరణమునే వ్రాసి, లింగస్వరూపమును గూర్చి యేడు పక్షములను జూపినాఁడు.