కోస్ దీవి వైన్, తొట్లకొండ వెండి నాణేలు: రెండు వేల ఏళ్ల నాటి లింక్ ఏంటి?

గ్రీకు దీవుల రీల్స్ మీ ఫీడ్‌లో కూడా వస్తూనే ఉంటాయి. తెల్ల ఇళ్లు, నీలం సముద్రం, ఒక వైనరీలో కూర్చుని అక్కడి లోకల్ వైన్ టేస్టింగ్. మన వైజాగ్‌కీ దానికీ సంబంధం ఏంటి అంటారా? ఉంది. కానీ వాట్సాప్‌లో తిరిగే "రోమన్లు వైజాగ్‌లో వైన్ తాగారు" టైపు సంబంధం కాదు. అసలు ఆధారాలు ఏం చెబుతున్నాయో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు కోస్ అనే దీవి గురించి. ఇది టర్కీ తీరానికి దగ్గర్లో ఉన్న గ్రీకు దీవి. డాక్టర్లు ప్రమాణం చేస్తారు చూడండి, ఆ హిపోక్రటీస్ పుట్టిన ఊరు. పాతకాలంలో దీనికి ఇంకో పేరు కూడా ఉండేది: ఉప్పు వైన్. అవును, ద్రాక్షరసంలో సముద్రపు నీళ్లు కలిపేవాళ్లు!

ఇది ఎలా మొదలైందో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కోస్‌లో ఒక బానిస తను అప్పజెప్పాల్సిన కొలత నింపడానికి గుట్టుగా సముద్రపు నీళ్లు కలిపాడట. మన భాషలో చెప్పాలంటే టార్గెట్ కొట్టడానికి కల్తీ. కానీ ఆ రుచి జనానికి నచ్చేసింది. అంతకు ముందే, క్రీ.పూ. 2వ శతాబ్దంలో, కేటో అనే రోమన్ ఈ కోస్ వైన్ ఇంట్లో ఎలా చేసుకోవాలో వ్యవసాయం పుస్తకంలో రాసిపెట్టాడు. ద్రాక్ష కోతకు 70 రోజుల ముందు, గాలి లేని రోజు, మంచినీళ్లు కలవని లోతు సముద్రం నుంచి నీళ్లు తెచ్చుకోవాలంటాడు. చూశారా, కల్తీ కాస్తా రెసిపీ అయిపోయింది.

ఇప్పుడు ప్యాకేజింగ్‌కి వద్దాం. మన పోర్టులో కంటైనర్ ఎలాగో, ఆ కాలంలో యాంఫొరా అలాగ. రెండు పిడులు, సన్నటి అడుగు ఉండే పెద్ద మట్టి జాడీ. చాలావాటిలో సుమారు 25 లీటర్లు పడుతుంది. కోస్ జాడీకి ఒక గుర్తు ఉంది: పిడి చూస్తే రెండు మట్టి కడ్డీలు పక్కపక్కన అతికించినట్టు ఉంటుంది. అంటే ఆ పిడి ముక్కే దాని బార్‌కోడ్.

ఆ బార్‌కోడ్ ఎక్కడ దొరికిందో తెలుసా? మన తూర్పు తీరంలోనే, పుదుచ్చేరి పక్కన అరికమేడులో. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వాడు. 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ టీమ్ మళ్లీ తవ్వింది. ఆ యాంఫొరా ముక్కల్లో కోస్ స్టైల్ వైన్ జాడీలవి చాలా ఉన్నాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ స్టైల్‌ని ఇటలీ వాళ్లు కూడా కాపీ కొట్టారు. కాబట్టి కోస్ పిడి కనిపించినంత మాత్రాన ప్రతి జాడీ కోస్‌ది అనలేం. రెండు, ఇండియాలో రోమన్ జాడీలని లేబుల్ వేసిన చాలా ముక్కలు నిజానికి మెసొపొటేమియా వైపు నుంచి వచ్చిన "టార్పెడో" జాడీలని రొబెర్టా టాంబర్ అనే పరిశోధకురాలు తేల్చారు. అందుకే ఒక పెంకు దొరకగానే "రోమన్!" అని థంబ్‌నెయిల్ పెట్టేయకూడదు.

మరి మన ఆంధ్ర తీరం సంగతి? క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టులో ఉండే ఒక గ్రీకు వ్యాపారి సముద్ర మార్గాల గైడ్ రాశాడు, పేరు పెరిప్లస్. గుజరాత్‌లోని బరుకచ్ఛ రేవులో ఇటలీ వైన్‌కి గిరాకీ ఎక్కువని అందులో ఉంది. కృష్ణా తీరాన్ని "మసాలియా" అని పిలిచి, అక్కడ సన్నటి నూలు బట్ట బోలెడు తయారవుతుందన్నాడు. మన వైపు అతను హైలైట్ చేసింది వైన్ కాదు, మన నేతగాళ్ల బట్ట. తూర్పు తీరంలో తిరిగిన లోకల్ ఓడల గురించి కూడా రాశాడు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ ఉందంటే ఊరికే కాదు!

ఇప్పుడు వైజాగ్‌కి. రుషికొండ దాటి భీమిలి రోడ్డులో వెళ్తే కొండ మీద తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1976లో నేవీ ఏరియల్ సర్వేలో ఈ చోటు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. బౌద్ధ భిక్షువుల ఆరామం బయటపడింది. దాంతో పాటు 9 శాతవాహన నాణేలు, 5 రోమన్ వెండి నాణేలు దొరికాయి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మత్తు పానీయం ముట్టకూడదన్నది భిక్షువుల నియమం. వైన్ వ్యాపారంతో వాళ్లకి పనే లేదు. అయినా ఆ వ్యాపారం నడిపిన డబ్బు వాళ్ల కొండ మీదికి వచ్చింది. నాకు కనిపించే వివరణ ఏంటంటే, సముద్రం మీద తిరిగే వర్తకులు ఆరామానికి దానాలు ఇచ్చేవాళ్లు. ఆ నాణెం నేరుగా రోమ్ నుంచి ఇక్కడికి రాలేదు, పదిమంది చేతులు మారి వచ్చి ఉంటుంది. ఐదు నాణేలు చూసి ఇక్కడ రోమన్ కాలనీ ఉందనడం తప్పు. కానీ మన తీరం ఆ నెట్‌వర్క్‌లో ఒక నోడ్ అనడానికి అవి చాలు.

వైన్ బొమ్మే కావాలంటే నాగార్జునకొండ వెళ్లాలి. ఇక్ష్వాకుల కాలం నాటి ఒక స్తంభం మీద గడ్డమున్న మనిషి, చేతిలో కొమ్ము ఆకారపు తాగే పాత్ర, పక్కన జాడీ. అది గ్రీకుల వైన్ దేవుడు డయొనైసస్ పోలికే అని చరిత్రకారులు అంటారు. ద్రాక్షతోట లేని చోట చెక్కిన శిల్పి ఆ పోలిక ఎక్కడ చూశాడో!

చివరిగా ఒక మాట. గ్రీకు దీవిలో టూరిస్టుకి గ్లాసుతో పాటు రెండు వేల ఏళ్ల కథ కూడా పోస్తారు. మనకి కథ ఉంది, చెప్పేవాళ్లే తక్కువ. 2019 అక్టోబరు వానలకి తొట్లకొండ మహాస్తూపం కూలితే, ఆ తర్వాత మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇటుకలు మళ్లీ పేర్చొచ్చు. కానీ నాణెం ఏ పొరలో దొరికిందన్న సమాచారం ఒకసారి పోతే మళ్లీ రాదు. చుట్టుపక్కల కొండల్ని తవ్వే ముందు, చదును చేసే ముందు మనం అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ వీకెండ్ భీమిలి వైపు వెళ్తే ఒక గంట తొట్లకొండకి ఇవ్వండి. పెంకు ముక్క కనిపిస్తే ఫొటో తీయండి, జేబులో మాత్రం వేసుకోకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు ఉంటాను మరి!