దుగ్గిరాల రైలు, తెనాలి అమ్మాయి, నందిగామ కుర్రాడు

మా దుగ్గిరాల గురించి రాసేవాళ్లు రెండు సంగతులు వదలరు: పసుపు యార్డు, లాకులు. సీతానగరం దగ్గర కృష్ణలోంచి బయల్దేరిన పశ్చిమ కాలవ ఇక్కడికొచ్చి పాయలుగా చీలి డెల్టాలోకి పోతుంది. ఆ సంగతులు చాలామంది రాశారు. రైలు సంగతి ఎవరూ రాయరు. తెనాలికీ బెజవాడకీ మధ్య స్టేషన్ మాది. ఇంటర్ అయిన పిల్లలు పొద్దున్నే టిఫిన్ బాక్సుతో ఆ రైలెక్కి చదువుకి పోతారు. రోజూ తిరగలేనంత దూరమైతే హాస్టల్లో పెడతారు. 2007 డిసెంబరు 27 మా ఊరి చరిత్రలోకి వచ్చింది ఆ దారినే.

ఆ రోజు బెజవాడ దాటాక ఇబ్రహీంపట్నంలో, ఓ ప్రైవేటు లేడీస్ హాస్టల్లో, తెనాలికి చెందిన బీఫార్మసీ విద్యార్థిని శవమై కనిపించింది. అత్యాచారం చేసి చంపారు. ఆమె పేరు రాయను, చట్టం ఒప్పుకోదు. తెనాలి చుట్టుపక్కల ఆ పేరు తెలియనివాళ్లూ లేరు. అందర్నీ తొలిచిన ప్రశ్న ఒకటే. అంతమంది ఆడపిల్లలు పడుకున్న చోటికి మనిషి వచ్చి, చంపి, వెళ్లిపోతే ఎవరికీ మెలకువ రాలేదా? ఆ సంక్రాంతికి ఇళ్లకొచ్చిన ఆడపిల్లల్లో కొందరు తిరిగి హాస్టళ్లకి పోలేదు. చదువు మానిపించి పెళ్లి చేసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఈ లెక్క ఏ చార్జిషీటులోనూ ఉండదు.

పోలీసులు మొదట వేరే కుర్రాణ్ని పట్టుకుని, తర్వాత వదిలేశారు. 2008 ఆగస్టులో, మా కాలవలు నిండా పారుతూ నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, అసలు హంతకుడు దొరికాడన్నారు. నందిగామ మండలం అనాసాగరానికి చెందిన సత్యంబాబు. దళితుడు, పేదింటివాడు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పట్టుకుంటే ఈ హత్య కూడా ఒప్పుకున్నాడన్నారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదని మన చట్టంలో బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. ఆ మాట చూపించి వస్తువేదైనా బయటికి తీస్తే అంతవరకే చెల్లుతుంది. టీ కొట్టు దగ్గర పేపరు చదివేవాడికి ఆ తేడా ఎవరు చెప్తారు? ఒప్పుకున్నాడంటే ఒప్పుకున్నాడనే.

నమ్మనివాళ్లలో ముందున్నది చనిపోయిన పిల్ల తల్లి. అతను కాదు, పెద్దవాళ్లని కాపాడటానికి ఈ పేదవాణ్ని ఇరికించారని మొదట్నుంచీ చెప్పింది. బిడ్డ పోయిన కడుపుమంటలో, ఎవరో ఒకరికి శిక్షపడితే చాలనుకోవడం లోకంలో మామూలు. ఆమె అలా అనుకోలేదు. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో విచారణ చేయగల బుర్ర ఆమెకే ఉందనిపిస్తుంది.

2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు సత్యంబాబుని దోషి అని తేల్చింది. అప్పటికే అతనికి గిలియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడి నరాల్ని తినేస్తుంది. చాలామందికి ముందు కాళ్లు పడిపోతాయి. హైదరాబాదు నిమ్స్‌లో వైద్యం చేయించారు. లేచి నిలబడలేని మనిషి గోడ దూకి హత్య చేశాడా అని జనం అన్నారు గానీ, అది న్యాయమైన వాదన కాదు. జబ్బు తర్వాత వచ్చింది. కేసులో బలం లేదనడానికి అది అక్కర్లేదు కూడా.

2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇమ్మంది. ఏప్రిల్ 2న రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చాడు. ఎనిమిదిన్నరేళ్లకి లక్ష అంటే రోజుకి ముప్పై రూపాయల పైచిలుకు. మా యార్డులో కొమ్మూ కాయా వేరుచేసే ఆడకూలీ ఆ డబ్బుకి ఓ పూట కూడా వంగదు. మరుసటి ఏడాది ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కి తప్పుడు గూఢచర్యం కేసులో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. ఆ సొమ్ము ఆయనకి తగినదే. 2018లోనే లా కమిషన్ తన 277వ నివేదికలో ఇలాంటి పరిహారానికి ప్రత్యేక చట్టం కావాలంది. ఆ చట్టం రాలేదు. కాబట్టి ఎవరికెంత అన్నది ఏ కోర్టు ముందుకి ఎలా వెళ్లగలిగాడన్న దాన్నిబట్టే.

ఇక తెనాలి కుటుంబం మాటేమిటి? శిక్ష పడ్డ రోజు నుంచీ హంతకుణ్ని వెతికే పని ఆగిపోయింది. దొరికాడు కదా! 2018లో సిట్ వేసి మళ్లీ తవ్వబోతే, కింది కోర్టులో ఉండాల్సిన ఆధారాలు ధ్వంసమైపోయాయని తేలింది. హైకోర్టు మండిపడి, ఆ నవంబరులో కేసు సీబీఐకి ఇచ్చింది. ఆధారాలు పోయినందుకు కోర్టు సిబ్బంది మీదే సీబీఐ కేసు పెట్టాల్సి వచ్చింది. తప్పు మనిషికి వేసిన శిక్ష, సరైన మనిషికి ఇచ్చిన వ్యవధి అయింది.

మిగిలిన సాక్ష్యం ఒక్కటే, మట్టిలో. 2019 డిసెంబరు 14న తెనాలి చెంచుపేటలోని శ్మశానంలో సమాధి తవ్వి, పన్నెండేళ్ల నాటి ఎముకలకి మళ్లీ పోస్టుమార్టం చేశారు. తల్లిదండ్రులు దానికీ ఒప్పుకున్నారు. 2025లో సీబీఐ తన నివేదికని హైకోర్టుకిచ్చింది. ఆ కోర్టు ఇప్పుడు మాకు దగ్గర్లోనే, నేలపాడులో ఉంది. అందులో ఏం రాశారో చెప్పమని ఆ ముసలి తల్లిదండ్రులు మళ్లీ కోర్టు మెట్లెక్కారు.