ఉద్యోగస్థుల చదువు: దూరవిద్యా చరిత్ర సంగ్రహము

బుచ్చిరెడ్డిపాలెమున 1907వ సంవత్సరమున జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు విద్యకై వంగదేశమందలి శాంతినికేతనమునకు వెళ్లిరి. అచ్చట విశ్వభారతిలో చదివి, రవీంద్రనాథ ఠాకూరుగారి రచనలను తెలుగు చేసి, 1955లో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రులైరి. ఆ దినములలో ఉన్నతవిద్యను కోరువాడు గురువున్న చోటికి పోవలసినదే. అట్లు పోవుటకు ధనము వలయును, తీరిక వలయును, ఇంటి భారము మోయుటకు వేఱొకరు వలయును. ఈ మూడును లేనివారి గతి యేమి? పెన్న కాలువల క్రింది వరిమళ్లలోను, బియ్యపు మిల్లులలోను, అంగళ్లలోను పసివయస్సుననే పనిలో ప్రవేశించినవారు బుద్ధిబలమున ఎవరికిని తీసిపోరు. బడి విడిచి పనికి పోయినవానికి చదువు మరల దొరకునా యనునదే ఈ వ్యాసమున మనము విచారింపదలచిన విషయము. నేడు ఆన్‌లైన్ విద్య యని పిలువబడునది ఈ ప్రశ్నకు కడపటి సమాధానమే గాని, తొలి సమాధానము కాదు.

తొలి సమాధానము తపాలా సంచిలో వచ్చినది. 1840లో ఇంగ్లాండున ఒక్క పెన్నీకే ఉత్తరము చేరవేయు పద్ధతి యేర్పడినది. అప్పుడు ఐజాక్ పిట్మను అను ఉపాధ్యాయుడు తన షార్టుహ్యాండు పాఠములను తపాలాలో పంపి, శిష్యులు వ్రాసి పంపిన వానిని దిద్ది మరల పంపుచుండెను. పాఠము పంపుట కంటె ఆ దిద్దుటయే ముఖ్యమని గమనింపవలయును. ఈ షార్టుహ్యాండును, దానికి తోడు టైపును నేర్చి, ప్రభుత్వము వారి పరీక్షలలో నెగ్గి, మన చెన్నరాజధానిలో గుమాస్తా కొలువులు సంపాదించిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. 1858లో లండను విశ్వవిద్యాలయము, చదివినది ఎచ్చటనైనను తన పరీక్షకు కూర్చుండవచ్చునని ద్వారములు తెఱచినది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున బొగ్గుగనుల ప్రమాదములు మితిమీరగా, 1885లో మేస్త్రీలు పరీక్ష నెగ్గితీరవలెనని శాసనమైనది. గనిలో దినమెల్ల శ్రమించువాడు ఆ పరీక్షకు ఎట్లు చదువును? స్క్రాంటను నగరమందలి పత్రికాసంపాదకుడు థామస్ ఫాస్టరు తన పత్రికలో ప్రశ్నోత్తరములు ప్రకటించుచు, 1891లో దానినే తపాలా పాఠశాలగా మార్చెను. పని చేయుచు చదివిన చదువు ఆ పనిలోనే పైమెట్టునకు చేర్చుట యిచ్చట స్పష్టముగా కాన్పించుచున్నది.

మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను ఉత్తరముల మూలమున పాఠములు చెప్పుటకు పూనుకొనినవి. ఆపైన భారతదేశమునకే మార్గదర్శకమైన కార్యము తెలుగునాట జరిగినది. భవనం వెంకట్రామిరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండగా 1982 ఆగష్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. ఇంగ్లాండున 1969లో వెలసిన ఓపెన్ యూనివర్సిటీ దానికి ఆదర్శము. ఈ దేశమున అట్టిది అదియే మొదటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉపాధ్యక్షులుగా నుండిన ఆచార్య గడ్డం రాంరెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులైరి. తరువాత 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులు వారే. హైదరాబాదులోని ఆ మొదటి సంస్థకు 1991లో డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టబడినది.

ఆ సంస్థ యొక్క పద్ధతి మెచ్చదగినది. ఇంటర్మీడియెటు చదువనివారును వయస్సు నిండినచో ఒక అర్హతాపరీక్ష వ్రాసి పట్టవిద్యలో చేరుటకు వీలుండెను. పాఠములు తెలుగున అచ్చువేసి యిచ్చిరి, ఆకాశవాణిలో వినిపించిరి. ఉన్న కళాశాలలలోనే అధ్యయనకేంద్రములు పెట్టి, సెలవు దినములలో ఉపాధ్యాయులచేత సందేహములు తీర్పించిరి. గృహిణులును, గుమాస్తాలును, పోలీసు జవానులును అట్లు పట్టభద్రులైరి. పుస్తకము ఇంటికి వచ్చినను, మనుష్యుడు మనుష్యునితో మాటాడు తావు ఒకటి నిలిపియుంచుటయే అందలి మర్మము.

ఇక అంతర్జాలపు కథ. 2003లో మన ఐఐటీలును, బెంగుళూరు విజ్ఞానసంస్థయు గూడి ఎన్‌పీటెల్ అను పేరిట ఇంజనీరింగు పాఠములను ఎల్లవారికి ఉచితముగా నందించుటకు పూనినవి. 2017లో కేంద్రప్రభుత్వము స్వయం అను వేదికను తెఱచినది. 2020 మార్చిలో కోవిడు వలన బడులు మూతపడగా, అంతవఱకు ఆన్‌లైన్ మాట విననివారును దానిని ఆశ్రయింపవలసివచ్చినది. 2021 నాటి నిబంధనల ప్రకారము విశ్వవిద్యాలయములు ఒక పాఠ్యక్రమమున నూటికి 40 వంతుల వఱకు స్వయం మూలమున నేర్చిన విద్యను లెక్కలోనికి తీసికొనవచ్చును. బుచ్చిరెడ్డిపాలెమున రాత్రి భోజనానంతరము చేతిలోని ఫోనులో మహాచార్యుల ఉపన్యాసము వినుట నేడు సాధ్యము.

ఇది మన ప్రాంతమునకు అవసరమైనది కూడ. 1971లో శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు ఎగసినది. 2008లో కృష్ణపట్నపు రేవు పనికి వచ్చినది. తీరమున రొయ్యల చెఱువులు పెరిగినవి. మిల్లులలో లెక్కలు చిట్టా విడిచి కంప్యూటరునకు ఎక్కినవి. తండ్రి నేర్పిన పని కొడుకునకు జీవితాంతము చాలునను ధైర్యము పోయినది. నలువదేండ్ల వయస్సున క్రొత్తపని నేర్వవలసిన కాలము వచ్చినది.

అయినను విద్య ఇంటికి వచ్చినంతనే కొలువు వచ్చునని భ్రమపడరాదు. హార్వర్డు విశ్వవిద్యాలయమును, మాసచ్యుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయు నడపిన ఉచిత ఆన్‌లైన్ పాఠములలో 2017-18లో చేరినవారిలో నూటికి ముగ్గురే వానిని పూర్తి చేసినట్లు 2019లో సైన్స్ పత్రిక ప్రకటించినది. రుసుము చెల్లించి ధ్రువపత్రమునకు పూనుకొన్నవారిలోనో, నూటికి 46 మంది పూర్తిచేసిరి. పాఠము అదియే, ఉపాధ్యాయుడు అతడే. మధ్య భేదము పట్టుదలదియు, లక్ష్యముదియు.

రెండవ అపాయము గుర్తింపు లేని పట్టము. ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషనులో ప్రమోషనులను గూర్చి పుట్టిన వ్యాజ్యమున, 2017 నవంబరు 3వ తేదీన సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు చెప్పినది. అనుమతి లేకయే నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయములు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టములలో, 2001-05 మధ్య చేరినవారివి తాత్కాలికముగా నిలుపబడినవి. మరల పరీక్ష నెగ్గినచో నిలుచునని అనిరి. అటుపిమ్మట చేరినవారివి రద్దయ్యెను. ఉద్యోగము చేయుచు, రాత్రులు మేల్కొని, పైమెట్టు ఎక్కినవారి కష్టము ఒక్క దినమున కూలినది. 2022లో యూజీసీవారు, గుర్తింపు పొందిన సంస్థల దూర, ఆన్‌లైన్ పట్టములు నేరుగా కళాశాలలో చదివిన పట్టములతో సమానములని స్పష్టము చేసిరి. కావున చేరుటకు ముందు గుర్తింపును విచారించుట మొదటి పాఠము.

దాతలగు మహాశయులకు విన్నపము. పూర్వము మన పెద్దలు పట్టణములలో విద్యార్థి వసతిగృహములు కట్టించి, పల్లె బిడ్డలకు చదువు దగ్గఱ చేసిరి. నేటి విద్యార్థులలో పలువురు ఊరు విడువలేరు, పని మానలేరు. వారికి వలసినది ఊరిలోనే ఒక గది, నిలుకడయైన విద్యుత్తు, అంతర్జాలము, నాలుగు కంప్యూటర్లు, వారమునకు ఒకనాడు వచ్చి సందేహములు తీర్చు ఒక ఉపాధ్యాయుడు. తాను విద్యావంతుడై కొలువులోనుండి విశ్రాంతి పొందినవారు ఆ పని చేసిన ధనదానముకంటె మిన్న. పరీక్షకు నిజముగా కూర్చున్నవానికి రుసుము తిరిగి యిచ్చుట మఱియొక మేలు. మిల్లులును అంగళ్లును నడపు మహాశయులు పరీక్ష దినములలో తమ పనివారికి సెలవిచ్చి జీతము కోయకుండిన, ఆ యొక్క యనుగ్రహమే పలువురి జీవితగతిని మార్చును.

తపాలా పోయి రేడియో వచ్చెను. రేడియో వెనుక అంతర్జాలము వచ్చెను. వాహనము మాఱినను దిద్దు చేయియు, తోడుండు మనుష్యుడును, చెల్లుబాటగు పట్టమును కావలసియే యున్నవి. పాఠమును లోకము ఉచితముగా నిచ్చుచున్నది. తక్కిన వానిని సమకూర్చుట మన వంతు.